మూడో నంబర్ ప్రెస్‌కి రెండో గుమ్మడికాయ

2022 అక్టోబరు నెల. కె.ఆర్.పురం రైల్వే స్టేషన్‌కి పోయే దారిలో ఒక బేకరీ, దాని నెత్తిన నా ఆఫీసు. కింద పఫ్‌లు పొయ్యిలో పెట్టినప్పుడల్లా పైన నా ఫైళ్ళు వెచ్చబడేవి. ఆ వేడికి ఒక ఫ్యాక్టరీ హాజరు పట్టీ పొంగి ఒక్కో పేరు రెండు పేర్లయిందని, అందుకే లెక్కలో మనుషులు ఎక్కువ కనిపిస్తున్నారని ఒకసారి ఒక అధికారికి చెప్పాను. ఆయన నవ్వలేదు. జరిమానా వేశాడు.

బోర్డు మీద పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కన్సల్టెంట్ అని రాసి ఉంటుంది గానీ, చేసేది గుమాస్తాగిరీ. నలభై యాభై మంది పనిచేసే చిన్న ఫ్యాక్టరీల వాళ్ళు నెలనెలా హాజరు, జీతాలు నాకు పంపిస్తారు. ఎవరి జీతంలో ఎంత పట్టాలో, యజమాని ఎంత కలపాలో చూసి నేను పోర్టల్‌లో ఎక్కిస్తాను. కొత్తగా చేరినవాడికి ఐ.పి. నంబర్ పుట్టిస్తాను. ఐ.పి. అంటే ఇన్సూర్డ్ పర్సన్, బీమా ఉన్న మనిషి. ఆ తర్వాత పనిలో దెబ్బ తగిలితే వైద్యం, కోలుకునేదాకా జీతంలో అధిక భాగం, ఒంట్లో ఏదైనా శాశ్వతంగా పోతే బతికినన్నాళ్ళూ నెలనెలా కొంత డబ్బు, అన్నీ ఆ బీమా కిందే వస్తాయి. అందుకోసం యజమాని జేబులోంచి అదనంగా రూపాయి కదలదు. ఈ చివరి వాక్యం నేను ఎంతమంది యజమానులకు చెప్పానో వాళ్ళందరినీ కె.ఆర్.పురం తీగల వంతెన మీద వరసగా నిలబెడితే, ట్రాఫిక్ హోస్కోట దాకా ఆగిపోతుంది. నమ్మినవాళ్ళు మాత్రం ఒక్క ఆటోలో పడతారు.

ఆ నెల చివర్లో ఒక మధ్యాహ్నం నరసింహులు, అతని భార్య రవణమ్మ నా మెట్లెక్కి వచ్చారు. నరసింహులుది కదిరి పక్క పల్లె. కాడుగోడి దగ్గర ప్రభాకరయ్య గారి ఫ్యాక్టరీలో పవర్ ప్రెస్ ఆపరేటర్. రేకు ముక్కను అచ్చు మీద పెడితే, పైనుంచి ఇనుప దిమ్మ దిగి దాన్ని వంచడమో తొలచడమో చేస్తుంది, అదే ప్రెస్. ఆరేళ్ళ కిందట అతని ఐ.పి. నంబర్ పుట్టించింది నేనే. అప్పుడు కంప్యూటర్ ముందు నిలబడి, నంబర్ రాగానే చేతులు జోడించి దండం పెట్టాడు. ఇప్పుడు కుడిచేతికి తెల్ల కట్టు. ఆ కట్టులో రెండు వేళ్ళు ఉండాల్సిన చోట గాలి ఉంది.

"ఏమైంది నరసింహులూ?"

"ఏం ల్యాదన్నా. ఇంట్లో కొబ్బరికాయ కొడతాంటే మచ్చుకత్తి తగిలింది."

బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు. రవణమ్మ గోడ వైపు చూస్తూ ఉంది.

"నీది ఏ చేతి వాటం?"

"కుడిచెయ్యే అన్నా."

"కత్తి కుడిచేతిలో ఉంటే కుడిచేతి వేళ్ళు ఎట్లా తెగినాయప్పా?"

నరసింహులు ఆలోచనలో పడ్డాడు. ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదని ముఖంలోనే తెలుస్తోంది.

"ఆ పొద్దు ఎడంచేత్తో కొట్టినా."

"ఎందుకు?"

"కుడిచెయ్యి నొస్తాండె."

"ఎందుకు నొచ్చింది?"

"ప్రెస్ కాడ రోజంతా..." అని నాలుక కరుచుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు చెప్పడంలో నాకూ కొంత పేరుంది. అందుకే చెబుతున్నాను, అబద్ధానికి పనితనం కావాలి. నాలుగు గోడలు లేపి, కప్పు వేసి, వానకు కారకుండా చూసుకోవాలి. ఈయన ఒక్క కర్ర పాతి దాన్నే ఇల్లంటున్నాడు.

రవణమ్మ ఇక ఆగలేదు. "చెప్పు, చెప్పు. అన్నకి గూడా ఎడంచెయ్యి కత చెప్పు. మా ఇంట్లో కొబ్బరికాయ ఎప్పుడైనా నేనే కొడతా అన్నా. ఈయప్ప కొట్టింది మా పెండ్లిలో ఒక్కసారే. అదీ పగల్లేదు. మా మామ తీసుకొని మళ్ళా కొట్టినాడు."

"అదిప్పుడు ఎందుకే?"

"వేళ్ళు ఎందుకో అదీ అందుకే!"

ఆమె గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ మీద పనిచేస్తుంది. అక్కడ ఒకామె వేలికి సూది దిగబడితే, కోలుకునేదాకా బీమా నుంచి డబ్బులు వచ్చాయట. సూదికే వస్తే వేళ్ళకి రాదా అని మొగుణ్ణి ఈడ్చుకొచ్చింది. ఆమె చెబుతుంటే, అతను అడ్డుపడుతుంటే, గంటసేపట్లో కథ బయటికొచ్చింది.

దసరా వెళ్ళిన మరుసటి వారం, గురువారం పొద్దున పదకొండున్నరకి మూడో నంబర్ ప్రెస్ అతని చూపుడు వేలు, మధ్య వేలు తీసుకుంది. ప్రభాకరయ్య గారే తన కారులో నర్సింగ్ హోమ్‌కి తీసుకుపోయారు. దారిలో చెప్పారు: "ఫ్యాక్టరీలో అని చెప్తే ఎం.ఎల్.సి. రాస్తారప్పా. ఇంట్లో తగిలిందని చెప్పు. అంతా నేను చూసుకుంటా." ఎం.ఎల్.సి. అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసు అని ఆస్పత్రి వాళ్ళు రాసే చీటీ. కొబ్బరికాయ మాత్రం నరసింహులు సొంత కల్పన. నర్సింగ్ హోమ్ వాళ్ళు దాన్ని అట్లాగే కేస్ షీట్‌లోకి ఎక్కించారు. నా చేతిలో పెట్టిన ఆ కాగితంలో కుడిచేతి వాటం అని ఒక గీత మీద, కొబ్బరికాయ కొడుతూ ఇంట్లో కుడిచేతికి గాయం అని తర్వాతి గీత మీద ఉంది. రెండూ ఒకే చేతిరాత.

"ఇంట్లో తగిలిన దెబ్బకైతే జబ్బు సెలవు కింద కొన్నాళ్ళు కొంత ఇస్తారు, అంతే," అన్నాను. "పనిలో తగిలిందని తేలితే టి.డి.బి. వస్తుంది, అంటే పనికి పోలేని రోజులన్నిటికీ జీతంలో నూటికి దాదాపు తొంభై వంతులు. ఆ తర్వాత పి.డి.బి., అంటే పోయిన వేళ్ళకి బతికినన్నాళ్ళూ నెలనెలా. నీకిప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. ఎన్నేళ్ళు కొబ్బరికాయ కొట్టుకుంటూ కూర్చుంటావు?"

"మాటిచ్చినా అన్నా. చేతిలో చెయ్యేసి."

"యా చెయ్యి?" అంది రవణమ్మ.

"కుడిది గుడ్డలో చుట్టుండె. ఎడంచెయ్యి."

"ఎడంచేత్తో ఇచ్చిన మాట యా దేవుని కాడా చెల్లదు!"

"కుడిచెయ్యి బాగుండుంటే కుడిచేత్తోనే ఇచ్చుందును కదా," అన్నాడు నరసింహులు, ఎంతో న్యాయంగా.

రవణమ్మ నా వైపు చూసింది. నేను ఫ్యాన్ వైపు చూశాను.

ఒక సంగతి చెప్పాలి. ప్రభాకరయ్య గారు దుర్మార్గుడు కాదు. లాక్‌డౌన్‌లో పక్క ఫ్యాక్టరీల వాళ్ళు గేటుకి తాళం వేసి ఫోన్లు ఆపేస్తే, ఆయన రెండు నెలలు ఇంటింటికీ బియ్యం, నూనె పంపించారు. నరసింహులు కూతురికి టైఫాయిడ్ వస్తే అర్ధగంటలో ఆస్పత్రికి వచ్చారు. ఆ మనిషి అడిగితే వేళ్ళేంటి, కొబ్బరితోటే పుట్టిస్తాడు నరసింహులు. నా చిరాకంతా అక్కడే. చెడ్డవాణ్ణి ఎదిరించడం తేలిక. బియ్యం పంపినవాణ్ణి ఎట్లా ఎదిరిస్తావు?

మర్నాడు కాడుగోడి వెళ్ళాను. ప్రభాకరయ్య గారు బెంగళూరులో మూడు తరాల నాటి తెలుగువాడు. కరెంటు ప్యానెళ్ళకు రేకు బ్రాకెట్లు చేస్తారు. నన్ను చూడగానే ఆయనకు విషయం అర్థమైంది.

"ఏమప్పా శీనా, నువ్వు నా కన్సల్టెంటువా, వాని లాయరువా?"

"అన్నా, ప్రమాదం జరిగితే వెంటనే రిపోర్టు పెట్టాల. పెట్టుంటే ఇ.ఎస్.ఐ. ఆస్పత్రిలో వైద్యం ఊరికే అయ్యేది. నర్సింగ్ హోమ్ బిల్లు నువ్వెందుకు కట్టినావు? నెలనెలా బస్సు టికెట్టు కొంటాండావు, బస్సెక్కకుండా పక్కన పరిగెత్తుతాండావు."

"సుమ్నే, ఊరికే గలాటా ఎందుకప్పా? రిపోర్టు పెడితే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. వస్తే ఏమేమో చూస్తాడు."

ఆ ఏమేమో ఏమిటో నాకు నరసింహులు ముందే చెప్పాడు. పవర్ ప్రెస్‌కి రెండు బటన్లు ఉంటాయి, మూరెడు ఎడంగా. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే దిమ్మ దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే అచ్చు కింద చెయ్యి ఉండదు, అదీ లెక్క. కానీ అట్లా చేస్తే పని నిదానం. అందుకని ఒక బటన్ని నల్ల టేపుతో ఎప్పుడూ నొక్కి ఉండేట్టు కట్టేస్తారు. అప్పుడు ఒక చేత్తో రేకు పెట్టి, ఇంకో చేత్తో బటన్ కొట్టుకుంటూ పోవచ్చు, ఏదో ఒక గురువారం దాకా.

"అయితే ఆ టేపు పీకెయ్యన్నా."

"పీకేస్తే దినానికి మూడొందల పీసులు తగ్గుతాయి. కస్టమర్ ఊరుకుంటాడా? నరసింహులుకి నేను ఉండాను కదప్పా. వాచ్‌మన్ పని ఇస్తా, ఉన్నన్ని దినాలూ చేసుకోనీ."

"నువ్వు ఉన్నన్ని దినాలా, అతను ఉన్నన్ని దినాలా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "ఈ లైన్లో ఆరు ఫ్యాక్టరీల పని నీకు ఇప్పించింది ఎవరు, శీనా?"

"నువ్వే అన్నా."

"గ్యాపకం ఉండాది కదా? చాలు."

మా తాతకు పులి ఎదురుపడితే, ఆయన దానికి పొగాకు పెట్టి సాగనంపాడని మా ఇంట్లో నేను చెబుతుంటాను. ఆ తాత మనవడు ఆ రోజు ఆరు ఫ్యాక్టరీల పేరు వినగానే లేచి, నమస్కారం పెట్టి, బస్సెక్కాడు.

బేకరీ దగ్గర దిగి టీ చెప్పి, బల్ల మీద మోచేతులు పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్ తీశాను. ప్రభాకరయ్య గారి ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో నేనూ ఉన్నాను. నెలనెలా కట్టిన చలానా కాపీ అందులో పెట్టడం నా పని. నా పాత చలానా కోసం వేలితో పైకి తోసుకుంటూ పోతుంటే ఒక ఫోటో దగ్గర వేలు ఆగింది.

మూడో నంబర్ ప్రెస్. దాని ముందు నిలువునా పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ, లోపల దండిగా కుంకుమ. మిషన్ మెడలో నిమ్మకాయల దండ. ప్రభాకరయ్య గారి చేతిలో హారతి పళ్ళెం. చుట్టూ ఆపరేటర్లు, గడ్డాలు గుండెలకు ఆనించుకొని. అదే గురువారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. కింద ఒక మాట: అందరికీ మంచి జరగాలి.

మన దగ్గర మిషన్ మనిషి రక్తం చూస్తే, దానికి శాంతి చెయ్యందే ఇంకో మనిషి దాని ముందు కూర్చోడు. ఎంత జీతమిచ్చినా కూర్చోడు. నెత్తురు రుచి మరిగిందంటారు. టేపు పీకమని ఏ ఆపరేటరూ అడగడు, గుమ్మడికాయ మాత్రం పట్టుబట్టి కొట్టిస్తాడు. ఆ రోజు కూడా అట్లాగే పట్టుబట్టారు. పొద్దున వేళ్ళు పోతే సాయంత్రానికి పూజ అయిపోయింది. ఇంట్లో కొబ్బరికాయ దగ్గర దెబ్బ తగిలితే ఫ్యాక్టరీలో గుమ్మడికాయ ఎవరైనా కొడతారా?

ఫోటోని పెద్దది చేసి చూశాను. హారతి వెలుగులో కుడి బటన్ మీద నల్ల టేపు కూడా మెరుస్తోంది. దానికీ కుంకుమ బొట్టు పెట్టారు.

ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఉండదని లేవబోతూ, ఫోటో కింద చూశాను. పదకొండు నమస్కారం బొమ్మలు ఉన్నాయి. అన్నిటికంటే ముందు పెట్టినది నాదే. పూజ ఫోటో కదా అని, చలానా గడువు హడావుడిలో, ఎందుకు ఏమిటి అని అడక్కుండా రెండు చేతులూ జోడించాను. ప్రమాదం జరిగిన రోజే దాని జాడ నా జేబులోకి వచ్చి కూర్చుంది. నేను దానికి దండం పెట్టి పంపించేశాను. అప్పటిదాకా అందరి మీదా ఉన్న చిరాకు ఒక్కసారిగా దారి మళ్ళి నా మీదికి వచ్చింది.

యజమాని రిపోర్టు పెట్టకపోతే కార్మికుడే ఇ.ఎస్.ఐ. బ్రాంచి ఆఫీసులో రాసివ్వొచ్చు. మర్నాడు రవణమ్మకు ఫోన్ చేసి ఇద్దరినీ రమ్మన్నాను. దరఖాస్తు నేను నింపాను. పేరు, నంబర్, ఫ్యాక్టరీ, రోజు, గంట. ప్రమాదం ఎట్లా జరిగింది అన్న గడి దగ్గరకు రాగానే నరసింహులు ఎడమచేతిని దాని మీద కప్పేశాడు.

"అది వద్దన్నా. ఖాళీగా వదులు."

"ఖాళీగా వదిలితే దీనికి విలువేముందప్పా?"

"అన్నీ రాసినావు కదా. అదొక్కటి నేను చెప్పల్యా. మాట తప్పినట్టు కాకూడదు."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో తల బాదుకోవడానికి గోడ వెతుక్కున్నది ఆ రోజే. రవణమ్మ అతని వైపు చూడకుండా, "ఖాళీ గడి కాకి తీసుకపోదులే అన్నా. ఇచ్చేయ్," అంది. అట్లాగే ఇచ్చేశాను, గుమ్మడికాయ ఫోటో అచ్చు వేయించి వెనక పిన్ను కొట్టి.

విచారణకు వచ్చిన అధికారి సుజాత మేడమ్. కోలారు వైపు మనిషి కాబట్టి తెలుగూ కన్నడమూ ఒకే ఊపిరిలో మాట్లాడుతుంది. నవంబరు మధ్యలో ఒక పొద్దున ఆమె, నేను, నరసింహులు దంపతులు ఫ్యాక్టరీలో ప్రభాకరయ్య గారి గాజు గదిలో కూర్చున్నాం. గాజుకు అవతల మిషన్లు నడుస్తున్నాయి. ప్రభాకరయ్య గారు నా వైపు చూడటం మానేశారు. అది కొట్టడం కంటే ఎక్కువ.

"ఇంట్లో తగిలిందండీ మేడమ్. కేస్ షీట్ చూడండి," అన్నారాయన.

మేడమ్ నరసింహులు వైపు తిరిగింది. "నువ్వు చెప్పప్పా."

"కొబ్బరికాయ మేడమ్," అన్నాడు నరసింహులు, నేలకేసి చూస్తూ.

రవణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, అరవకుండా.

మేడమ్ దరఖాస్తు వెనక ఉన్న ఫోటో తిప్పింది. "ఈ మిషన్‌కి గుమ్మడికాయ ఎందుకు కొట్టినారు సార్?"

"ఆయుధపూజ మేడమ్."

"ఆయుధపూజకి అన్ని మిషన్లకీ కొట్టింటారు కదా. దీనికొక్కదానికే రెండోదా?"

ప్రభాకరయ్య గారు గొంతు సవరించుకున్నారు. "అమావాస్య పూజ. అంగళ్ళలో కొడతారు కదా, అట్లా."

మేడమ్ కుర్చీలోంచి లేచి, గోడకున్న పంచాంగం క్యాలెండర్ దగ్గరకు పోయి, ఒక పేజీ వెనక్కి తిప్పింది. వేలిని ఆ గురువారం మీద పెట్టి, అక్కడి నుంచి ఒక్కో రోజూ లెక్కపెడుతూ అమావాస్య దాకా నడిపించింది. "ఇంకా పన్నెండు దినాలు ఉండాయి, సార్."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అని అంటాం. నేను చెప్పేవాటిలో సగం తీసేసి వినమని మా ఆవిడ అందరికీ చెబుతుంటుంది. ఇది తీసెయ్యని సగంలోది. ప్రభాకరయ్య గారి చెయ్యి నిజంగానే భుజం మీదికి పోయింది. అక్కడ లేని దుమ్మును దులిపింది.

"ఈ ఫోటో నీకు ఎవరిచ్చినారు?" అని మేడమ్ నన్ను అడిగింది. ఆరు ఫ్యాక్టరీలూ నా కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి.

"గ్రూపులో వచ్చింది మేడమ్. కింద మొదటి దండం నాదే," అన్నాను.

గాజుకు అవతల నుంచి ప్రెస్ చప్పుడు వస్తోంది. ధడ్. ధడ్. ధడ్. అప్పుడు చూశాను, నరసింహులు తల ఎత్తాడు. మా మాటలు వినడం లేదు. ఆ చప్పుడు వింటున్నాడు.

"మూడో నంబరే కదా అది?" అన్నాడు.

"ఊ," అన్నారు ప్రభాకరయ్య గారు.

"రెండు చేతులు పెడితే ఆ వేగం రాదు."

ఎవరూ ఏమీ అనకముందే లేచి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. మేము గాజులోంచి చూస్తున్నాం. మూడో నంబర్ ముందు నెరిసిన మీసాల ఆపరేటర్ ఒకాయన కూర్చుని ఉన్నాడు. నరసింహులు అతని భుజం తట్టాడు. అతను మిషన్ ఆపి లేచాడు. నరసింహులు వంగి, ఎడమచేతి గోళ్ళతో బటన్ మీది టేపు పట్టుకున్నాడు. అలవాటు లేని చెయ్యి, నెలలుగా అంటుకున్న టేపు. పీకుతుంటే ముక్కలు ముక్కలుగా వస్తోంది. అంతా వచ్చేదాకా పీకుతూనే ఉన్నాడు. ఆపరేటర్లంతా పని ఆపి చూస్తున్నారు.

తిరిగొచ్చి, కుంకుమ మరకలున్న ఆ టేపు ఉండని ప్రభాకరయ్య గారి బల్ల మీద పెట్టాడు.

"అయ్యా, మీరు పెట్టిన అన్నం నేను మరిసిపోల్యా. కానీ నేను మాటిచ్చింది నా వేళ్ళకే. ఆయప్ప వేళ్ళకి ఇయ్యల్యా."

ప్రభాకరయ్య గారు ఆ టేపునే చూస్తూ కూర్చున్నారు. "నేను... దినమూ తీసెయ్యాలనే అనుకుంటాంటినప్పా," అన్నారు. అబద్ధమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ విద్యలో ఉన్నవాణ్ణి నేనే తేల్చుకోలేకపోయాను.

నరసింహులు మేడమ్ ముందున్న దరఖాస్తును తన వైపు తిప్పుకున్నాడు. పెన్ను ఎడమచేత్తో, గరిటె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఖాళీ గడిలో పెద్ద పెద్ద వంకర అక్షరాలతో నాలుగు మాటలు రాయడానికి పావుగంట పట్టింది. మూడో నంబర్ ప్రెస్. గురువారం. మధ్యలో ఒకసారి ఆగి అడిగాడు, "ఎడంచేత్తో రాస్తే చెల్లుతాదా మేడమ్?"

మేడమ్ నోరు తెరవకముందే రవణమ్మ అంది, "ఇది చెల్లుతాది. రాయి."

ఆ తర్వాత జరిగినవి త్వరగా చెప్పేస్తాను, అవి మాత్రం త్వరగా జరగలేదు. పనిలో జరిగిన ప్రమాదమేనని తేలింది. ఆగిపోయిన రోజుల టి.డి.బి. వచ్చింది. మెడికల్ బోర్డు, అంటే పోయిన అవయవంతో పాటు ఎంత సంపాదించే శక్తి పోయిందో తేల్చే డాక్టర్ల బృందం, రెండు వేళ్ళకీ కలిపి ఇరవై శాతమని రాసింది. "వంద శాతం పనిచేసిన చెయ్యి అన్నా," అన్నాడు నరసింహులు. ఆ లెక్క ఏ చట్టంలోనూ లేదని నేను చెప్పలేదు. ఇప్పుడు నెలనెలా బ్యాంకులో పడుతోంది. అతను వాచ్‌మన్‌గా చేరలేదు. అదే ఫ్యాక్టరీలో పీసులు తనిఖీ చేస్తాడు. ప్రభాకరయ్య గారే పిలిచి ఇచ్చారు.

ప్రభాకరయ్య గారికి నోటీసు వచ్చింది, జరిమానా పడింది. ప్రెస్‌లకు, చెయ్యి లోపల ఉంటే దిమ్మ దిగకుండా ఆపే సెన్సార్లు పెట్టించారు. పీసులు తగ్గాయి, కస్టమర్ రెండు నెలలు గొణిగి, అలవాటు పడ్డాడు. నా మీద కోపంతో లెక్కలు ఇంకొకరికి ఇచ్చేశారు, లైన్లో ఇంకో రెండు ఫ్యాక్టరీలు ఆయన వెనకే పోయాయి. నాలుగు నెలల తర్వాత ఆయన మాత్రం మెట్లెక్కి వచ్చి, "ఆ కొత్తాయన ముప్పై మందికి ఒకే పుట్టినరోజు ఎక్కించినాడప్పా," అని కుర్చీలో కూలబడ్డారు. మిగిలిన రెండూ ఇంకా రాలేదు. అందరికీ ఒకేరోజు పుట్టినరోజు చేసుకుంటున్నారేమో.

చివరి చిరాకు ఏటేటా వస్తుంది. డబ్బు ఆగకుండా ఉండాలంటే తాను బతికే ఉన్నానని నరసింహులు ఏడాదికోసారి రుజువు చెయ్యాలి. నా దగ్గర వేలిముద్ర మిషన్ ఉంది కాబట్టి నా దగ్గరికే వస్తాడు. కంప్యూటర్ తెర మీద కుడిచెయ్యి బొమ్మ వచ్చి, చూపుడు వేలు దగ్గర ఎర్రదీపం మిణుకు మిణుకుమంటుంది. అతను ఆ దీపం వైపు చూస్తాడు, నా వైపు చూస్తాడు, తర్వాత ఎడమ బొటనవేలు పెడతాడు. అప్పుడు బతికినట్టు తేలుతుంది.

ఈ కేసు నేర్పింది ఏమిటని నా దగ్గర పని నేర్చుకునే కుర్రవాళ్ళు అడిగితే చట్టం సెక్షన్లు చెబుతాను, వాళ్ళకు అవే కావాలి కాబట్టి. నాకు నేర్పింది వేరే. నేనున్న ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులు ఇప్పుడు పద్దెనిమిది. పండగ కాని రోజు, అమావాస్య కాని రోజు, ఏ గ్రూపులోనైనా ఒక్క మిషన్ ముందు గుమ్మడికాయ ఫోటో కనిపిస్తే నమస్కారం పెట్టను. వెంటనే ఫోన్ చేస్తాను. అటు నుంచి, "ఏమప్పా శీనా, బాగుండావా?" అంటారు.

నేను బాగోగులు అడగను. "ఎవరి చెయ్యి?" అని అడుగుతాను.